చంక దిగిన పొద్దు

మొన్న మా అన్నయ్య మనవరాలు సునీత నరసరావుపేట నుంచి వచ్చింది. అక్కడ కోర్టులో వకీలు. వచ్చిన మనిషి మంచినీళ్ళయినా తాగకుండా ఫోను నా మొహం ముందు పెట్టి, మీ ఊరికి ఎంత పేరొచ్చిందో చూడు నాయనమ్మా అంది. చూశాను. నల్లద్దాలు పెట్టుకున్న ఒక కుర్రాడు మా ఊరి బీట్లో ఉన్న పొడుగాటి రాయి మీద మోచెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. వెనకాల యుద్ధం సినిమాకు కొట్టినట్టు డప్పుల మోత. ఆ రాయి ఐదు వేల ఏళ్ళుగా అలాగే ఉందట. అది ఒరిగిన వాలు, భూమి ఇరుసు వాలు అచ్చంగా ఒకటేనట. ఇరవై మూడున్నర డిగ్రీలు. ఫోనునే రాయికి ఆనించి కొలిచి చూపించాడు. భూమి ఒరిగి తిరుగుతుందన్న సంగతి లోకంలో ఇంకెవరికీ తెలియకముందే పల్నాటి రాకాసులకు తెలుసునని తేల్చేశాడు. కింద వందలమంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు.

నాకు ఒళ్ళు మండింది. మోచెయ్యి ఆనించినందుకు కొంత. మిగతా మంట ఎందుకంటే, ఆ రాయిని ఆ వాలుకు ఒరగబెట్టించింది నేను. మోకులు పట్టి లాగింది రాళ్ళు కొట్టే హనుమయ్య, అతని ముగ్గురు తమ్ముళ్ళు. ఎంత ఒరగాలో చెప్పింది మాత్రం తొమ్మిదేళ్ళ నేను. ఇంకా, ఇంకా అని అరిచిన నా గొంతు నాకిప్పటికీ వినపడుతుంది. ఈ మాట సునీతతో అంటే ముందు నవ్వింది, తర్వాత వకీలు కనక, ఆధారం ఏముంది నాయనమ్మా అని అడిగింది. ఆధారం నేనే. అప్పుడు అక్కడ ఉన్నవాళ్ళలో బతికి ఉన్నది నేనొక్కతినే. వీడియో కింద ఉన్న నంబరుకు ఫోను కలపమన్నాను. కుర్రాడు మర్యాదస్తుడే. అంతా విన్నాడు. "అమ్మగారూ, మీకప్పుడు ఎన్నేళ్ళండీ?" అన్నాడు. చెప్పాను. "చిన్నపిల్లలు గదండీ. సరిగ్గా చూసి ఉండరు" అన్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా పత్రికాఫీసు డెస్కు మీద కూర్చుని, ఊరూరి విలేకరుల రాతలు దిద్ది, నువ్వు చూసి రాశావా విని రాశావా అని పీక్కు తిన్నదాన్ని. ఆ కుర్రాడు గుడ్డిగా విసిరిన రాయి సరిగ్గా నాకు తగలవలసిన చోటే తగిలింది.

మా ఊరు గురజాలకు పడమరగా, మాచర్ల దారికి ఎడంగా ఉంటుంది. నేలంతా నల్లరేగడి, దాని కింద నాపరాయి. ఇళ్ళ గోడలు నాపరాళ్ళు, కప్పులు నాపరాళ్ళు, చేలగట్ల మీద కంచెగా నిలబెట్టినవీ నాపపలకలే. ఎండాకాలం ఆ కప్పుల కింద మనుషులం ఉడికేవాళ్ళం. పొద్దు గుంకాక పెరట్లో మంచాలు వేసుకుంటే, రాయి పగలంతా మింగిన వేడి చీకట్లో మెల్లగా కక్కుతుండేది. ఇంట్లో పొద్దస్తమానం రెండే వాసనలు. దాలిలో పిడకల మీద కాగి ఎర్రబడుతున్న పాల వాసన ఒకటి, మా నాయనమ్మ అచ్చమ్మ చుట్ట వాసన ఒకటి. మా అమ్మ నాకు మూడో ఏటే పోయింది. నాన్న బెజవాడలో ఉద్యోగం చూసుకుని నెలకో రెణ్ణెల్లకో వచ్చేవాడు. నన్ను పెంచింది నాయనమ్మ. ఆమెకు ఏదైనా చెప్పడం చేతకాదు. ప్రశ్న వేస్తే పని చెప్పేది. ఉరుము ఎందుకొస్తుందే అని అడిగితే, పిడకలు లోపల పడెయ్ అనేది. ఆమె దగ్గర నేర్చుకున్నదంతా ఇట్లా చేతులు అరిగేట్టు నేర్చుకున్నదే.

ఆమె నోరు విప్పేది ఒక్క ఆకాశం విషయంలోనే. జొన్నన్నం, గోంగూర పచ్చడి, మజ్జిగ పొద్దుండగానే తినేసి మంచం ఎక్కేవాళ్ళం. యుద్ధం రోజులు, కిరసనాయిలు దొరికేది కాదు, దీపం పెట్టుకుని చేసే పనేమీ లేదు. ఉత్తరాన చుక్కల మంచం నాలుగు కోళ్ళు, దాన్ని ఎత్తుకుపోదామని వచ్చి నిలబడిపోయిన ముగ్గురు దొంగలు, కాలం మారాక తూర్పున గంప కింద నుంచి వచ్చినట్టు గుంపుగా వచ్చే పిల్లలకోడి. ఇవన్నీ ఆమెకు ఇరుగుపొరుగుల్లాంటివి. ఫలానా ఇంటికోడలు ఇంకా రాలేదేమని అడిగినట్టు, పిల్లలకోడి ఇంకా రాలేదే అనేది. అప్పటికే ఆమె కళ్ళకు పువ్వు కమ్మింది. నేను చూసి చెబితే ఆమె తలూపేది. ఆమె చూపు ఏ ఏడు ఎంత తగ్గిందో ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదు, ఎందుకంటే ఏ చుక్క ఎక్కడుండాలో ఆమెకు చూడకుండానే తెలుసు.

ఊరికి తూర్పున, మా చేలు దాటాక, దున్నడానికి పనికిరాని బీడుంది. అందులో రాకాసి గూళ్ళు. నాలుగు పక్కలా నాలుగు పలకలు నిలబెట్టి, పైన ఇంత మందాన బండ మూసిన గదులు. తూర్పు పలకకు మనిషి తల దూరేంత గుండ్రటి కంత. పెద్దలు చెప్పగా ఒకప్పుడు పదీ పదిహేను ఉండేవట. నా నాటికి మూడు మిగిలాయి. తక్కినవాటి పలకలు ఎక్కడికి పోయాయో వెతకాల్సిన పనిలేదు, ఊళ్ళోనే ఉన్నాయి. మా పెదనాన్న గొడ్లచావిడిలో కుడితి తొట్టి పక్కన పరిచిన బండకు సగం కంత అట్లాగే కనపడేది. మా పెదనాన్న ఊరి మునసబు. పురాతన వస్తువుల గురించి ఆయనకున్న గౌరవం అంతమాత్రం.

ఆ మూడు గూళ్ళలో పెద్దదానికి పడమటి పలక మూల విరిగి, మనిషి పాకి దూరేంత సందు ఉండేది. దానికి నలభై అడుగుల దూరాన, కంతకు ఎదురుగా ఆ పొడుగాటి రాయి. రెండు నిలువుల ఎత్తు. నడుము దగ్గర వంగినట్టు కుడిపక్కకు, అంటే దక్షిణానికి ఒరిగి ఉండేది. నాయనమ్మ దాన్ని రాకాసమ్మ అనేది. పూర్వం ఆకాశం చేతికందేంత కిందికి ఉండేదట. సూర్యుడు చంటిపిల్లాడు, నేల మీదే పారాడుతూ పోయిన చోటల్లా తగలబెట్టేవాడట. నిప్పుల వాన కురిసిందట. రాకాసులు బండలతో గూళ్ళు కట్టుకుని లోపల దాక్కుని, వాన ఆగిందా లేదా అని కంతలోంచి చూసేవాళ్ళట. చివరికి ఒక తల్లి బయటికొచ్చి ఆ పిల్లాణ్ణి చంకనెత్తుకుంది. వాడి బరువుకు వంగి, వేడికి రాయైపోయింది. అప్పటినుంచీ ఏటేటా ఎండలు తగ్గాక వాడు ఆమె చంక దిగి దక్షిణానికి నడిచిపోతాడు. దిగిన రోజున ఆమె చేతులు ఖాళీ అవుతాయి, నేల చల్లబడుతుంది, గింజ వేసుకోవచ్చు.

కథ సంగతి ఎట్లా ఉన్నా లెక్క మాత్రం గట్టిది. హస్త కార్తె ముందు గూట్లో కూర్చుని కంతలోంచి చూస్తే, పొద్దు రాకాసమ్మ వెనకనుంచి పొడుస్తుంది. రోజుకో జానెడు కుడికి జరుగుతుంది. హస్త వచ్చిన ఐదారు రోజులకు, ఒరిగిన రాయికీ తూర్పున దూరంగా ఉన్న గుట్ట అంచుకూ మధ్య ఉన్న సందులో, ఆమె చంక కింద, నిండు బింబం రాయిని విడిచి నిలబడుతుంది. అదే చంక దిగిన పొద్దు. మర్నాడు ఊరు ఊరంతా జొన్న విత్తుతుంది. తొందరపడితే వాన మీద వాన పడి మొలక కుళ్ళుతుంది, ఆలస్యమైతే రేగడి తడారి నెర్రెలిస్తుంది. పంచాంగం లేక కాదు. అయ్యవారు ఇంటింటికీ వచ్చి చదివేవారు. అయినా విత్తే గొర్రు కట్టేముందు ఎవరో ఒకరు మా అరుగు దగ్గర ఆగి, దిగిందా అమ్మా అని అడిగి పోయేవాళ్ళు. చూడటం మా ఇంటి ఆడవాళ్ళ పని. నాయనమ్మకు వాళ్ళ అత్తగారు అప్పగించిందట. ఆమెకు ఊళ్ళో ఉన్న గౌరవమంతా ఆ ఒక్క మాటలో ఉండేది. ఏడాదికి ఒక్క మాట. దిగింది.

మోకాళ్ళు పట్టేసి గూట్లో దూరలేక, దూరినా కళ్ళు కనపడక, నా ఎనిమిదో ఏట నాయనమ్మ ఆ పని నాకు అప్పగించింది. తెల్లారకముందే లేపేది. మంచులో మైలు దూరం నడక. ఆమె గూటికి వీపు ఆనించి బయట కూర్చునేది, నేను లోపలికి పాకేదాన్ని. లోపల మేకల కంపు, నేల మాత్రం చల్లగా, మెత్తగా ఉండేది. మొదటి రోజు కంతలోంచి చూస్తూ కూర్చున్నాను. పొద్దు ఎంతకీ రాకపోతే కునికాను. రెండో రోజు మోకాళ్ళ మీద తల పెట్టుకుని నిద్రపోయాను. దిగిందా అని బయటినుంచి గొంతు వినపడితే, దిగలా అన్నాను. మూడో రోజూ అంతే, నాలుగో రోజూ అంతే. ఇంత తేలికైన పని ఇంకోటి లేదని తెలిసిపోయింది. ఆరో రోజో ఏడో రోజో కాళ్ళు నొప్పులు పుట్టి, ఇక మర్నాడు రావడం నావల్ల కాదనిపించి, దిగింది నాయనమ్మా అన్నాను. ఆమె లేచి చీర దులుపుకుని, నా తల నిమిరి ఇంటికి తీసుకుపోయింది. ఊరంతా విత్తింది. ఆ ఏడు జొన్న విరగపండింది. అదే నన్ను చెడగొట్టింది.

మరుసటి ఏడు వానాకాలం సగంలో, రాకాసి గూళ్ళను చూడటానికి మద్రాసు నుంచి ఒక పెద్ద అధికారి వస్తున్నాడని తాలూకా కచేరీ నుంచి పెదనాన్నకు కబురు వచ్చింది. తెల్లదొరలు ఇంకా ఉన్న రోజులు. వచ్చేది దొరో, మనవాడో తెలియదు. పెదనాన్న ఇద్దరికీ సరిపోయేట్టు ఏర్పాట్లు చేశాడు. దారిలో ముళ్ళు కొట్టించాడు. గూళ్ళకు సున్నం వేయించాడు. అవును, సున్నం. పెళ్ళి ఇంటికి వేసినట్టు. తర్వాత హనుమయ్యను పిలిపించి, ఆ పొడుగు రాయి తాగినోడల్లే ఒరిగిందని, అధికారి ముందు ఊరి పరువు పోతుందని అన్నాడు. హనుమయ్యకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఆ చుట్టుపక్కల ఇళ్ళలో సగం అతని చేతి మీదుగా లేచినవే. వంకర గోడ కనపడితే, అది ఎవరిదైనా సరే, ఆగి సణిగి గానీ ముందుకు నడిచేవాడు కాదు. అన్నదమ్ములు నలుగురూ ఒక్క పూటలో మొదలు తవ్వి, మోకులు వేసి లాగి, దారానికి కట్టిన సీసం గుండు పట్టి చూసుకుని, రాకాసమ్మను కొయ్యలాగా నిటారుగా నిలబెట్టి, దానికీ సున్నం కొట్టారు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు ఈనాటికీ తెలియదు. ఒరిగిన రాయిని నిలబెట్టడం అతని దృష్టిలో తప్పెట్లా అవుతుంది?

ఈ సంగతి నాయనమ్మకు ఎవరూ చెప్పలేదు. హస్తకు రెండు రోజుల ముందు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. ఆ రాయికి చెయ్యి తగిలించి దణ్ణం పెట్టుకోవడం ఆమెకు అలవాటు. చెయ్యి పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. రాయి చుట్టూ రెండు చేతులతో తడుముకుంటూ తిరిగింది. అరచేతులకు సున్నం అంటుకుంది. అదేమిటో తెలియక ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఇంటికొచ్చి, పెదనాన్న తలపాగా చుట్టుకుంటుంటే ఎదురుగా నిలబడింది.

"తల్లి నడుము విరిచి నిలబెట్టినావు గదరా. ఇంక పిల్లోడు యాడ దిగుతాడు?"

అధికారి వచ్చిపోయేదాకా దాన్ని ముట్టుకోవద్దని పెదనాన్న బతిమాలుకున్నాడు. ఆ అధికారి వచ్చాడు. మనవాడే, అరవం మాట్లాడాడు. సున్నం చూసి చాలాసేపు మాటరాక నిలబడ్డాడు. పెదనాన్న దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు. పొడుగు రాయికి టేపు పట్టించి, నిటారుగా నిలబెట్టిన శిల అని కాగితం మీద రాసుకుని, మజ్జిగ తాగి బండెక్కాడు. ఒరిగి ఉండేదని అతనితో ఎవరూ అనలేదు. అతనూ అడగలేదు. నాలాంటిది డెస్కు మీద ఉంటే ఆ కాగితం వెనక్కి తిప్పి పంపేది.

ఆ మధ్యాహ్నమే నాయనమ్మ హనుమయ్యను రప్పించింది. మళ్ళీ ఒరగబెట్టమంటే అతని మొహం చూడాలి. గోడ కట్టినవాణ్ణి పిలిచి కూలగొట్టమన్నట్టుంది. అయినా ఆమె మాట కాదనలేడు. ఎంత ఒరిగి ఉండేదో చెప్పరా అని అడిగితే తల గోక్కున్నాడు. "రెండు మూరలో, మూడో ఉంటదమ్మా. నిలబెట్టిన రాయిని కొలుస్తాం గానీ, ఒరిగిన రాయిని ఎవరు కొలుస్తారు?" అన్నాడు. రెండు మూరలకూ మూడు మూరలకూ మధ్య ఎన్ని రోజుల తేడా వస్తుందో అతనికి తెలియదు, ఆమెకు తెలుసు. ఆమె నావైపు తిరిగింది. "మా సుబ్బులు చూసింది గదా నిరుడు. ఇంకా లేత కళ్ళు. అది చెబుతుంది."

ఆ నిమిషంలో నిజం చెప్పి ఉండవచ్చు. అందరూ నన్నే చూస్తున్నారు. హనుమయ్య, ముగ్గురు తమ్ముళ్ళు, గట్టు మీద చేరిన నలుగురైదుగురు రైతులు, వాళ్ళ వెనక ఇదెక్కడి గోలరా అన్నట్టు పెదనాన్న. గూట్లోకి పాకి కంతలో మొహం పెట్టాను. నాకు గుర్తున్న రాయంటూ ఏదీ లేదు. ఇంకా అన్నాను. మోకు కిర్రుమంది, రాయి కొంచెం వంగింది. నా మాటకు నలుగురు మగవాళ్ళు ఊపిరి బిగబట్టి కదులుతున్నారు. ఆ రుచి ఎట్లాంటిదో తర్వాత పత్రికల్లో చాలామంది మొహాల్లో చూశాను. ఇంకా, ఇంకా అన్నాను. ఇక పడిపోతుందేమోనని భయమేశాక, ఆఁ చాలు అన్నాను. హనుమయ్య మొదట్లో రాతిముక్కలు కూరి, మట్టి పోసి, గునపంతో దిమ్మిస కొట్టి ఇక ఎన్నటికీ కదలకుండా బిగించాడు. పనిమంతుడు. ఆ బిగింపే ఇప్పుడు ఐదు వేల ఏళ్ళ నాటిదని వీడియోలో వస్తున్నది.

ఆ ఏడు నేను నిద్రపోలేదు. మొదటిసారి నిజంగా చూశాను. పొద్దు రాయి వెనకనుంచి పొడవడం, రోజుకో జానెడు జరగడం, అంతా నాయనమ్మ చెప్పినట్టే ఉంది. దిగడం మాత్రం లేదు. హస్త వచ్చి ఆరు రోజులైంది. ఏడైంది. ఎనిమిదైంది. వానలు వెనక్కి తగ్గాయి, ఎండ మళ్ళీ ముదిరింది. విత్తనాల సంచులు అరుగుల మీదికి వచ్చాయి. రోజూ మేము తిరిగొచ్చే వేళకు రైతులు దారిలోనే నిలబడి ఉండేవాళ్ళు. మొదట్లో మర్యాదగా అడిగినవాళ్ళే తర్వాత అడగడం మానేసి ఊరికే చూసేవాళ్ళు. మా పక్కింటి పుల్లయ్య బాబాయి నోరు ఆగేది కాదు.

"ఏందమ్మా, నీ పిల్లోడు ఇంకా చంక దిగలా? పెళ్ళీడుకొచ్చినట్టున్నాడే" అన్నాడు.

అందరూ నవ్వారు. అచ్చమ్మ మాట మీద అరుగు దగ్గర నవ్వు పుట్టడం అదే మొదలు. నాయనమ్మ వినపడనట్టే నడిచింది గానీ నా భుజం మీద ఉన్న ఆమె చెయ్యి బిగుసుకుంది. పంచాంగం చూసి రాత్రికి రాత్రే ఇద్దరు గొర్రు కట్టి విత్తారని తెల్లారి తెలిసింది. ఇన్నేళ్ళలో ఆమె చెప్పకుండా ఎవరూ విత్తలేదు.

పదో రోజు. నేను లోపల, ఆమె బయట. దిగిందా అంది. దిగలా అన్నాను. "నిరుడు ఇట్టా కాలేదే. నిరుడు దిగిననాడు రాయికీ పొద్దుకీ మధ్య ఎంత సందుంది? వేలెడా, బెత్తెడా?" అంది. ఏదో ఒకటి చెప్పేస్తే అయిపోయేది. కానీ అంతకుముందు పది రోజులుగా నేను నిజంగా చూస్తున్నాను. చూడటం మొదలుపెట్టాక అబద్ధం చెప్పడం కొంచెం కష్టమవుతుంది.

"నిరుడు నేను చూడలా నాయనమ్మా."

"కళ్ళు మూసుకున్నావా?"

"పండుకున్నా."

"ఎన్నాళ్ళు?"

"అన్నాళ్ళూ."

కంతలోంచి రాయి, దాని వెనక ఇంకా దిగని పొద్దు కనపడుతున్నాయి. ఆమె మొహం కనపడటం లేదు. చివరికి, "మరి మొన్న హనుమయ్యకు ఎట్టా చెప్పినావే?" అంది.

"అందరూ నన్నే చూస్తుంటే చెప్పినా."

కొడుతుందనుకున్నాను. బయటికి రమ్మంది. వచ్చాక నా చెయ్యి పట్టుకుని చేలోకి నడిచింది. సాలులో కూర్చుని మోచేతి దాకా మట్టిలోకి చెయ్యి దూర్చి, పిడికిలి నిండా రేగడి తీసి పిసికి చూసింది, వాసన చూసింది, నాలుకకు రాసుకుంది. పైపైన పొడిబారింది గానీ లోపల ఇంకా తడుంది. లేచి చీరకు చేతులు తుడుచుకుని ఊళ్ళోకి వచ్చింది. దారిలో నిలబడ్డ రైతులతో, ఒక్కసారి నావైపు తిరిగి, "దిగింది. ఎయ్యండి" అంది. ఆమె నోట అబద్ధం నేను విన్నది అదొక్కసారే. అది నాకోసం.

జొన్న ఆ ఏడు అటూ ఇటూ కాకుండా వచ్చింది. పూర్తిగా పోయి ఉంటే నాకు ఏదో ఒక శిక్ష అన్నా దక్కేది. తర్వాతి ఏడు హస్త వస్తుంటే నేనే తెల్లవారుజామున లేచి కూర్చున్నాను. నాయనమ్మ లేవలేదు. రైతులు అడిగితే, రాయి కదిలింది, ఇంక పంచాంగం చూసుకోండని చెప్పింది. తప్పు పెదనాన్న నెత్తినే ఉండిపోయింది. ఆయన పోయేదాకా నేను దాన్ని దించలేదు. రాయిని సరిచేయవచ్చుగదా అని నేను నాయనమ్మను అడిగితే, దేన్నిబట్టి సరిచేస్తావే అంది. ఎవరి అత్తగారి అత్తగారి నుంచో ఒకరి కళ్ళలోంచి ఇంకొకరి కళ్ళలోకి వచ్చిన ఒక సందు, రాయికీ పొద్దుకీ మధ్య వేలెడంత సందు, నేను మోకాళ్ళ మీద తల పెట్టుకుని నిద్రపోతుంటే జారిపోయింది. మునసబు సున్నం, హనుమయ్య గునపం, అధికారి టేపు, ఇవన్నీ కలిసి చేసిన నష్టం కంటే అది పెద్దది. వాళ్ళు రాయిని కదిలించారు. అది ఎక్కడుండాలో నేను చూసి ఉంటే, కదిలిన రాయిని ఒక పూటలో వెనక్కి తెచ్చుకునేవాళ్ళం.

ఇదంతా ఆ కుర్రాడికి ఫోనులో చెప్పడం కుదరదు. చెప్పినా, అయితే మీకే తెలియకుండా రాకాసుల జ్ఞానం మీ నోట పలికించింది అంటాడు. అప్పట్లో తెలియనివాళ్ళు తెలియదని ఊరుకునేవాళ్ళు, లేదంటే సున్నం వేసేవాళ్ళు. ఇప్పటివాళ్ళకు చూడటానికి తీరిక లేదు గానీ ఆశ్చర్యపోవడానికి బోలెడంత ఉంది. ఫలానా ఉదయం అందరూ రండి, ఇరుసు సూర్యోదయం చూపిస్తానని అతను మళ్ళీ ఓ వీడియో పెట్టాడు. హస్త కార్తె రోజులే. సునీతను కారు తియ్యమన్నాను. ఈ వయసులో ఎందుకని అది ముందు గొణిగింది, తర్వాత తీసింది.

బీడు దగ్గర తిరనాళ్ళలాగా ఉంది. కార్లు, మోటారు సైకిళ్ళు, ఇడ్లీ బండి, మైకు. మూడు గూళ్ళలో పెద్దదొకటే మిగిలింది. చుట్టూ ఇనప కంచె వేశారు గానీ దానికో సందు ఉంది, కంచెలకు ఉంటుంది. జనమంతా రాయి చుట్టూ మూగి ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. గూటివైపు ఎవరూ రాలేదు. రాయి దగ్గర నిలబడితే ఏమీ కనపడదని, చూడాల్సింది ఇక్కడినుంచని ఎవరికీ తెలియదు. నా కళ్ళు ఆపరేషన్ అయిన కళ్ళు, మోకాళ్ళు నాయనమ్మవే. నేను పలకకు వీపు ఆనించి బయట కూర్చున్నాను. సునీత చెప్పులు విప్పి, నన్ను తిట్టుకుంటూ, చుడీదారు మట్టి చేసుకుంటూ లోపలికి పాకింది.

తూర్పు తెల్లబడింది. కాసేపటికి రాయి దగ్గర కేక లేచింది, ఆ వెంటనే చప్పట్లు. మైకులో కుర్రాడి గొంతు, చూశారుగా, చూశారుగా అంటున్నది. నేను తల పక్కకు వంచి కంతవైపు అడిగాను.

"దిగిందా?"

"దిగడం సంగతి తర్వాత, అసలు పొద్దే రాలా నాయనమ్మా. గుట్ట మీదంతా మబ్బు. ఇక్కడ మేకల కంపు తప్ప ఇంకేమీ లేదు."

"మరి వాళ్ళు చప్పట్లు కొడుతున్నారుగా?"

"కొట్టుకోనీ. నాకైతే కనపడలా."

మైకు ఆగలేదు. కార్లు ఒక్కొక్కటే వెనక్కి తిరుగుతున్నాయి. ఇంకొంచెంసేపు చూడవే అన్నాను.

"చూస్తూనే ఉన్నా" అంది లోపలినుంచి, విసుగ్గా.